రోలర్ కోస్టర్ల మీద మీరడిగినవి

పోయిన నెల ఇదే పేజీలో నా రోలర్ కోస్టర్ల (పార్కుల్లో ఎత్తుపల్లాల పట్టా మీద జనాన్ని ఎక్కించుకుని దూసుకుపోయే ట్రైన్ల) పిచ్చి గురించి, వాటి మీద తెలుగులో నేను నడిపే సైటు గురించి రాసినా కదా, దానికి వచ్చిన ఉత్తరాలు చూసి భలే సంతోషమైంది, అందులో ఎక్కువ మన కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే. అన్నిటికీ ఇక్కడ జాగా చాలదు కాబట్టి ఒకే సంగతి నలుగురు అడిగి ఉంటే ఒకరి ఉత్తరం తీసుకున్నా. పేర్లు వేయొద్దని చాలామంది అడిగినారు, ఊర్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ రెండో సంవత్సరం. కోస్టర్ల వీడియోలు చూడని రోజు లేదు. ఫ్రెండ్సేమో "మనూర్లో ఒక్క కోస్టర్ లేదు, నువ్వు ఎక్కింది హైదరాబాద్ వండర్లా పార్కులో రీకాయిల్ అనే కోస్టర్ ఒక్కటే, నీకేం హాబీ రా" అని ఏడిపిస్తారు. ఊర్లో లేనిదాని మీద హాబీ ఏందని నాకూ అనుమానం వస్తాంది. – కర్నూలు

జవాబు: తమ్ముడూ, వాళ్ల మాట పక్కన పెట్టు. ఎన్ని ఎక్కినావు అనే లెక్క ఈ హాబీలో ఉండేది నిజమే, దాన్ని క్రెడిట్ అంటారు, ఒక్కో కోస్టర్‌కి ఒక్క క్రెడిట్, అదే కోస్టర్ ఎన్నిసార్లు ఎక్కినా ఒకటే. అమెరికాలో 1978లోనే అమెరికన్ కోస్టర్ ఎంథూజియాస్ట్స్ అని సంఘం పెట్టుకుని కలిసి తిరుగుతున్నారు, వందల క్రెడిట్లు ఉండేవాళ్లు ఉన్నారు. వాళ్ల చుట్టుపక్కల పార్కులున్నాయి, మనకు లేవు, దాంట్లో నీ తప్పేముంది. కానీ ఎక్కేది రెండు నిమిషాలే కదప్పా. మిగతాదంతా చూడటం, తెలుసుకోవడం, ఒకదాంతో ఇంకోటి పోల్చుకోవడం. యాభై ఎక్కి ఏమీ గమనించనోడి కంటే, ఒక్కటి ఎక్కి దాన్ని మొదట్నుంచి చివరిదాకా విడమరిచి చెప్పగలిగినోడే నా లెక్కలో అసలైన కోస్టర్ పిచ్చోడు.

ఆ రీకాయిల్‌నే తీసుకో. అది బూమరాంగ్ అనే రకం, నెదర్లాండ్స్‌లోని వెకోమా కంపెనీ డిజైను, 1984 నుంచి ఈ రకం చాలా దేశాల్లో కట్టినారు. మామూలు బూమరాంగ్‌కి పట్టా పొడుగు 285 మీటర్లే, ఎత్తు 35 మీటర్ల పైచిలుకు, వేగం గంటకు 75 కిలోమీటర్లు. ట్రైన్‌ని స్టేషన్ నుంచి వెనక్కి లాక్కుంటా ఎత్తు మీదికి తీసుకుపోయి వదుల్తారు, అది స్టేషన్ గుండానే దూసుకుపోయి మెలికలో రెండుసార్లు, లూప్‌లో, అంటే నిలువుగా తిరిగే చుట్టులో, ఒకసారి తలకిందులై ఎదురుగా ఉండే రెండో ఎత్తు ఎక్కుతాది, అక్కడ మళ్లా పైకి లాగి వదిలితే అదే దారిలో వెనక్కి వస్తాది, మొత్తం ఆరు తలకిందులు. ఈసారి పోయినప్పుడు ఎక్కే ముందర బయట ఒక అరగంట నిలబడి ఆ రెండో ఎత్తునే చూడు. ట్రైన్ తనంతట తాను ఎంతవరకు ఎక్కుతాది, ఎక్కడ చైన్ అందుకుంటాది అని. ఉయ్యాల ఊపి వదిలేస్తే ప్రతి ఊపుకీ ఎత్తు తగ్గినట్టే ఇదీ మొదలైన ఎత్తు దాకా రాలేదు, ఆ తగ్గిందంతా చక్రాల రాపిడి, గాలి తినేసింది. ట్రైన్ నిండా జనం ఉన్నప్పుడు ఎంతదాకా పోతాంది, సగం ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, పొద్దున పార్కు తీయంగానే ఎంత, మధ్యాహ్నం ఎండలో చక్రాలు వేడెక్కినాక ఎంత, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. అదే హాబీ, దానికి కర్నూల్లో కోస్టర్ ఉండాల్సిన పనిలేదు.

దూరం కూడా మరీ అంత కాదులే. కర్నూలు నుంచి హైదరాబాద్ సుమారు 215 కిలోమీటర్లు, వండర్లా ఉండేది రావిర్యాల దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, 44వ నంబర్ హైవే మీద శంషాబాద్ దాకా పోయి అవుటర్ ఎక్కితే సిటీ ట్రాఫిక్‌లోకి పోయే పనే లేదు. దసరా, సంక్రాంతి సెలవులు, ఆదివారాలు వదిలేసి మామూలు రోజున పో, గేటు తీయంగానే అందరూ నీళ్ల రైడ్ల వైపు పరిగెత్తుతారు, నువ్వు కోస్టర్ దగ్గరికి పో.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూల్ వాళ్లు బెంగళూరు వండర్లాకి తీసుకుపోతారంట. టీవీలో రైడ్ ప్రమాదాలు చూసినప్పటి నుంచి నాకు గుండెల్లో దడ. పంపొద్దంటే వాడు అన్నం ముట్టడం లేదు. ఏం చేయమంటారు? – ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ దడ నాకు అర్థమైంది, దాన్ని తీసిపారేయను. ఎట్ల పనిచేస్తాదో తెలిస్తే సగం దిగులు తగ్గుతాది, మిగతా సగానికి ఏం జాగ్రత్త తీసుకోవాలో చెప్తా.

అందరూ ముందు అడిగేది తలకిందులైతే ట్రైన్ ఊడి పడదా అని. పడదమ్మా, ఎందుకంటే కోస్టర్ చక్రాలు పట్టా మీద ఊరికే నిలబడి ఉండవు. పైన ఒక చక్రం, పక్కన ఒకటి, పట్టా కింద నుంచి ఒకటి, మూడు వైపులా పట్టుకుని ఉంటాయి. కింద చక్రం పెట్టాలనే ఆలోచన జాన్ మిల్లర్ అనే అమెరికా ఆయనది, 1919లో పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటి పెద్ద కోస్టర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. లూప్ ఆకారం కూడా చూడండి, అది గుండ్రంగా ఉండదు, కిందికి జారిన నీటి బొట్టు మాదిరి పైన సన్నగా కింద వెడల్పుగా ఉంటాది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని కట్టినారు, దానికి నిజంగానే గుండ్రటి లూప్ పెట్టినారు, లూప్‌లోకి పోయే చోట ఒక్కసారిగా బరువు పడి ఎక్కినోళ్లకి మెడలు పట్టేసేవి. అందుకే లూపుల పని చాలా ఏండ్లు మూలపడింది. 1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో రెవల్యూషన్ అనే కోస్టర్‌కి వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజినీరు ఈ సన్నటి ఆకారం లెక్క కట్టి ఇచ్చినాడు, అప్పటి నుంచి మెడ మీద ఆ దెబ్బ పోయింది.

ఇంక మీరు అబ్బాయికి గట్టిగా చెప్పాల్సినవి. గేటు దగ్గర ఎత్తు కొలిచే బోర్డు ఉంటాది, దానికి ఒక్క అంగుళం తక్కువున్నా బూట్లో అట్ట పెట్టుకుని మోసం చేయొద్దని చెప్పండి, పిల్లలు నిజంగానే చేస్తారు ఇది. ఆ ఎత్తు సరదాకి పెట్టింది కాదు, భుజాల మీంచి దిగే కడ్డీ ఆ సైజు ఒంటికే సరిగ్గా పడుతాది. కడ్డీ దిగినాక ఒకసారి పైకి తోసి చూసుకోమనండి, కదిలితే చెయ్యెత్తి పిలవాలి, సిగ్గుపడొద్దు. తల వెనక్కి సీటుకి ఆనించాలి. సెల్లు, కళ్లద్దాలు, మెళ్లో గొలుసు, చెప్పులు అన్నీ లాకర్లో. ఆడపిల్లలైతే చున్నీ తీసేయాల్సిందే, జడ లోపలికి కట్టుకోవాలి, దీంట్లో మొహమాటం అస్సలు పనికిరాదు. గుండె జబ్బు, ఫిట్స్, మెడ నడుము నొప్పులు, ఈమధ్య ఆపరేషన్ జరిగి ఉంటే ఎక్కనే ఎక్కొద్దు. అబ్బాయికి ఇవేవీ లేకపోతే పంపండి.

ఇంకొక్క మాట, క్యూలో నిలబడినాక వాడికే భయమేసి వద్దనిపిస్తే దిగి వచ్చేయొచ్చు అని ముందే చెప్పి పంపండి. తోటి పిల్లలు వెక్కిరిస్తారని బలవంతంగా ఎక్కినోళ్లు కళ్లు మూసుకుని దిగొస్తారు, ఆ తర్వాత జన్మలో ఎక్కరు. భయం లేకపోవడం ఈ హాబీలో గొప్ప ఏం కాదు.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి రిటైర్ అయినాను. నా మనవరాలు చూపించిన వీడియోలో ఒకే పట్టా మీద మూడు ట్రైన్లు తిరుగుతున్నాయి, డ్రైవర్ లేడు, గార్డు లేడు, సిగ్నల్ కనపడదు. ఇవి గుద్దుకోకుండా ఎట్ల నడుస్తున్నాయో వివరంగా రాయగలరు. – గుంతకల్లు

జవాబు: సార్, ఈ నెల వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదే, ఎందుకంటే జవాబులో సగం మీ సర్వీసంతా మీరు చేసిన పనే. కోస్టర్ పుట్టిందే రైలు నుంచి సార్. అమెరికాలో పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే చోట కొండ మీది గని నుంచి బొగ్గు దింపడానికి 1827లో ఒక లైను వేసినారు, ఇంజిను లేకుండా వాలులో జారుకుంటా వచ్చేది, తర్వాత తర్వాత జనం డబ్బులిచ్చి దాంట్లో ఎక్కడం మొదలుపెట్టినారు. అది చూసే లమార్కస్ థాంప్సన్ 1884లో కోనీ ఐలాండ్‌లో స్విచ్‌బ్యాక్ రైల్వే అని పెట్టినాడు, టికెట్ 5 సెంట్లు, వేగం గంటకు 10 కిలోమీటర్ల లోపే, ఒక చివర దిగి బోగీని ఇంకో లైన్ మీదికి మార్చి మళ్లా ఎక్కేవాళ్లు.

మీరడిగినదానికి జవాబు బ్లాకు సార్. రెండు స్టేషన్ల మధ్య ఒక బ్లాకులో ఒక్క రైలే ఉండాలి, ముందుది ఖాళీ చేసిందని తెలిస్తేనే వెనకదానికి లైన్ క్లియర్, మీ అబ్సల్యూట్ బ్లాకు పద్ధతి అదే కదా. ఇక్కడా అంతే. కోస్టర్ పట్టాని ముక్కలుగా విడగొట్టి ఉంటారు, ప్రతి ముక్క చివర ట్రైన్‌ని ఆపగలిగే ఏర్పాటు ఒకటి తప్పకుండా ఉండాలి, అది బ్రేకు కావచ్చు, పైకి లాగే చైన్ కావచ్చు, చైన్ ఆపేస్తే ట్రైన్ అక్కడే నిలబడుతాది కాబట్టి. పట్టా పక్కన సెన్సర్లు ట్రైన్ వచ్చింది, పోయింది అని కంప్యూటర్‌కి చెప్తుంటాయి. ముందు ముక్క ఖాళీ కాకపోతే వెనక బ్రేకు విడవదు. మూడు ట్రైన్లు నడవాలంటే కనీసం నాలుగు బ్లాకులు కావాలి, లేకపోతే ఏదీ కదలలేదు, ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కరెంటు పోయినా, గాలి ప్రెషర్ పోయినా బ్రేకు పట్టుకునే ఉంటాది, విడవడానికే ప్రెషర్ కావాలి, అది కూడా మీ ఎయిర్ బ్రేక్ సూత్రమే.

ఈమధ్య కట్టినవాటిలో అయస్కాంతాల బ్రేకులు ఎక్కువ. ట్రైన్ కింద రాగి రేకు లాంటిది ఉంటాది, పట్టా మీద శాశ్వత అయస్కాంతాల వరుసలు, రేకు వాటి మధ్యలోంచి పోతుంటే దాంట్లో కరెంటు పుట్టి అదే ట్రైన్‌ని వెనక్కి లాగుతాది. ఒకదాన్నొకటి తాకవు, అరుగుడు లేదు, కరెంటు అక్కర్లేదు, వానలో తడిసినా పట్టు తగ్గదు. ఒకటే చిక్కు, వేగం తగ్గేకొద్దీ లాగే బలం కూడా తగ్గుతాది, అందుకని అవి ట్రైన్‌ని నెమ్మది చేస్తాయి కానీ పూర్తిగా నిలబెట్టలేవు, చివరికి రాపిడి బ్రేకో రబ్బరు టైర్లో పట్టుకోవాల్సిందే. ఇంక చైన్ మీద ఎక్కేటప్పుడు టక్ టక్ టక్ అని వినపడేది చైన్ చప్పుడు అనుకుంటారు చాలామంది, అది చైన్ తెగినా ట్రైన్ వెనక్కి జారకుండా మెట్లలో పడే ఇనుప నాలుక చప్పుడు.

మరి గుద్దుకున్నవి లేవా అంటే ఉన్నాయి సార్, దాచకూడదు. 2015 జూన్‌లో ఇంగ్లాండ్ ఆల్టన్ టవర్స్ పార్కులో స్మైలర్ అనే కోస్టర్‌లో మనుషులున్న ట్రైన్ పట్టా మీద ఆగిపోయిన ఖాళీ ట్రైన్‌ని గుద్దింది, ఇద్దరమ్మాయిలకు కాలు తీసేయాల్సి వచ్చింది. కంప్యూటర్ ముందు బ్లాకులో ట్రైన్ ఉందని ఆపే పెట్టింది, అక్కడి ఇంజినీర్లు అది తప్పు చెప్తాంది అనుకుని చేత్తో విడిచినారు. పార్కు నడిపే కంపెనీకి కోర్టు 50 లక్షల పౌండ్లు జరిమానా వేసింది. సిగ్నల్ ఎర్రగా ఉంటే ఎందుకు ఉందో చూడకుండా దాటకూడదు అని మీకు ట్రైనింగ్‌లో ఎందుకంత గట్టిగా నూరిపోసినారో, ఇదీ అందుకే. అన్నట్టు బ్రేకు వేసే మనిషిని చూడాలనిపిస్తే మెల్‌బోర్న్ లూనా పార్కులో 1912 నాటి సీనిక్ రైల్వే అనే కోస్టర్ ఉంది, దాంట్లో ట్రైన్ మధ్యలో ఒకాయన నిలబడి లివర్ పట్టుకుని చేత్తోనే బ్రేకు వేస్తాడు. మీ మనవరాలిని ఆ వీడియో పెట్టమనండి.

ప్రశ్న: కడపలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్లా డ్రాగన్ ట్రైన్ వస్తాది. దాన్ని కోస్టర్ కింద లెక్కేసుకోవచ్చా? అవునని మా తమ్ముడు, కాదని నేను, దీని మీద పెద్ద గొడవ. – కడప

జవాబు: ఈ గొడవ మీ ఇంట్లోనే కాదు, ప్రపంచమంతా ఉంది. నేను పాటించే లెక్క చెప్తా. ట్రైన్‌ని ఒకసారి ఎత్తు మీదికి తీసుకుపోయి వదిలేసినాక మిగతా దారంతా తన బరువుతోనే జారుకుంటా వస్తే అది కోస్టర్, ఎంత చిన్నదైనా సరే. అట్ల కాకుండా మోటారు మొదట్నుంచి చివరిదాకా నెడుతూనే ఉంటే దాన్ని పవర్డ్ కోస్టర్ అని వేరే వరుసలో పెడతారు, చాలామంది క్రెడిట్ ఇవ్వరు. కాబట్టి ఈసారి వచ్చినప్పుడు కిందికి దిగేటప్పుడు మోటారు చప్పుడు ఆగుతాందా లేదా వినండి, వంపుల్లో వేగం తనంతట తాను పెరిగి తగ్గుతాందా, అంతా ఒకే వేగంతో పోతాందా చూడండి. నేను చూసినవాటిలో ఎక్కువ మోటారువే, అంటే బహుశా మీ తమ్ముడు ఓడిపోతాడు.

ఎగ్జిబిషన్ రైడ్లంటే నాకు ఇష్టమే, కొలంబస్, జెయింట్ వీల్ చూడంగానే ఇప్పటికీ కాళ్లు అటే పోతాయి. కానీ అవి నాలుగు రోజులకొక ఊర్లో విప్పి కట్టేవి, అందుకని ఎక్కే ముందర కళ్లు తెరుచుకుని చూడండి. కాళ్ల కింద పెట్టిన చెక్కలు బురదలో దిగినాయా, పిన్నులకి క్లిప్పులు ఉన్నాయా లేక తీగతో చుట్టినారా, సీటు కడ్డీ లాక్ పడుతాందా లేక చేత్తో పట్టుకోమంటున్నారా. వాన పడిన రాత్రి ఎక్కొద్దు. నడిపే పిల్లోడు సెల్లు చూసుకుంటా ఉంటే ఎక్కొద్దు. టికెట్ డబ్బులు పోయినా పర్లేదు.

ప్రశ్న: ముందు సీటు మంచిదా వెనక సీటా? – అనంతపురం

జవాబు: మొదటిసారి ముందు, రెండోసారి వెనక. ముందు కూర్చుంటే ఎదురుగా ఏమీ అడ్డం ఉండదు, గాలి మొహానికి కొడుతాది, దారి కనపడుతాది కాబట్టి ఒళ్లు ముందే సిద్ధమవుతాది. వెనక అసలు మజా. ఎందుకంటే ట్రైన్ పొడుగు ఉంటాది కదా, ముందు డబ్బా శిఖరం దాటేటప్పుడు ట్రైన్ ఇంకా నెమ్మదిగానే ఉంటాది, సగం ట్రైన్ అవతలికి వాలినాక బరువు లాగి వేగం పెరుగుతాది, ఆఖరి డబ్బా శిఖరం దగ్గరికి వచ్చేసరికి ఆ వేగంతోనే దాన్ని ఈడ్చి అవతలికి విసిరేస్తాది. అప్పుడు సీట్లోంచి లేచినట్టు కడుపులో తేలిపోతాది చూడండి, దాన్నే ఎయిర్‌టైమ్ అంటారు, మాలాంటోళ్లం దూరాలు తిరిగేది ఆ అర సెకను కోసమే. చక్రాల మీద, అంటే డబ్బా చివర కూర్చుంటే కుదుపు ఎక్కువ, నడుం గట్టిగా లేనోళ్లు డబ్బా మధ్య వరుస అడగండి.

ప్రశ్న: రోలర్ కోస్టర్ ఎక్కితే కిడ్నీలో ఉండే రాళ్లు బయటికి పడిపోతాయని వాట్సాప్‌లో వచ్చింది. నాకు రాయి ఉంది. నిజమేనా? – ఆదోని

జవాబు: మూలం నిజమే, మీకొచ్చిన మెసేజ్ దాన్ని సాగదీసింది. అమెరికాలో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ వార్టింగర్ అనే డాక్టరు, పేషెంట్లు కొందరు డిస్నీ వరల్డ్‌లో బిగ్ థండర్ మౌంటెన్ అనే కోస్టర్ ఎక్కినాక రాళ్లు బయటికి పడినాయి అని చెప్తే, సిలికాన్‌తో కిడ్నీ నమూనా చేసి, అందులో నిజం రాళ్లు పెట్టి, బ్యాగులో పెట్టుకుని ఆ కోస్టర్ పదే పదే ఎక్కినాడు. 2016లో అచ్చయింది అది. వెనక సీట్లో కూర్చుంటే దగ్గర దగ్గర 64 శాతం సార్లు రాయి కదిలి బయటికొచ్చింది, ముందు సీట్లో 17 శాతం లోపే. 2018లో దీనికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చినారు. కానీ అది నమూనా, మనిషి కాదు, అదీ చిన్న రాళ్లకి, ఆ ఒక్క కోస్టర్‌కి. పెద్ద రాయి కదిలి గొట్టంలో ఇరుక్కుంటే ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. మీ డాక్టర్ని అడగండి, నీళ్లు బాగా తాగండి, కోస్టర్ సరదాకి ఎక్కండి.

ప్రశ్న: మాది కడప జిల్లా, కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్నా. సెలవు మీద అబుదాబిలో మా బామ్మర్ది దగ్గరికి పోతున్నా. ఫెరారీ వరల్డ్‌లో ఏది ఎక్కాలి? – కువైట్

జవాబు: ఫార్ములా రోసా అన్నా, ఇంకో ఆలోచనే వద్దు. 2010లో తీసినప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా వేగమైనది, గంటకు 240 కిలోమీటర్లు, చైన్‌తో పైకి లాగడం ఉండదు, హైడ్రాలిక్ బలంతో 5 సెకన్ల లోపే ఆ వేగానికి విసురుతాది. ఎడారి ఇసుక, పురుగులు కళ్లల్లో కొట్టకుండా అద్దాలిస్తారు, బిగించి కట్టుకో. ఎత్తు మాత్రం 52 మీటర్లే, దాని మజా అంతా ఆ మొదటి తోపులోనే ఉంది. ఓపిక ఉంటే పక్కనే ఫ్లయింగ్ ఏసెస్ కూడా ఎక్కు, ఎయిర్‌టైమ్ దాంట్లో ఉంది. దిగినాక రూముకి పోయేలోపే ఏమనిపించిందో ఫోన్లో వాయిస్ రికార్డు చేసి పంపు, నీ మాటల్లోనే వేస్తా.

ప్రశ్న: కోస్టర్లు డిజైన్ చేసే ఉద్యోగం కావాలంటే ఏం చదవాలి సార్? ఇంటర్ ఎంపీసీలో ఉన్నా. – నంద్యాల

జవాబు: దానికంటూ వేరే డిగ్రీ లేదమ్మా. సివిల్‌లో స్ట్రక్చర్స్, మెకానికల్, లేదా ఎలక్ట్రికల్‌లో కంట్రోల్స్ వైపు పోవాలి, ఇందాక గుంతకల్లు సార్‌కి చెప్పిన బ్లాకు వ్యవస్థ అంతా కంట్రోల్స్ వాళ్ల పనే. ఇందాక చెప్పిన లూప్ లెక్క కట్టిన స్టెంగెల్ కూడా స్ట్రక్చర్ల ఇంజినీరే. పెద్ద కంపెనీలు స్విట్జర్లాండ్‌లో బొల్లిగర్ అండ్ మాబిల్లార్డ్, లీక్టెన్‌స్టైన్‌లో ఇంటామిన్, నెదర్లాండ్స్‌లో వెకోమా. నువ్వు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, నోలిమిట్స్ అని సిమ్యులేటర్ ఉంది, దాంట్లో పట్టా గీస్తే ప్రతి చోటా వేగం ఎంత, ఒంటి మీద ఎన్ని జీల బరువు, అంటే మన బరువుకి ఎన్ని రెట్లు, పడుతాందో చూపిస్తాది. కంప్యూటర్ లేకపోతే కాగితం చాలు. నీ ఫిజిక్స్ పుస్తకంలో వేగం వర్గం సమానం రెండు జీ హెచ్ అని ఉందే, దాంట్లో 40 మీటర్లు వేసి చూడు, సెకనుకు 28 మీటర్లు, అంటే గంటకు దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు వస్తాది. మహారాష్ట్ర ఖోపోలీలో ఇమాజికా పార్కులో నైట్రో అనే కోస్టర్ ఉంది, అది బొల్లిగర్ వాళ్లదే, 2013లో తీసినారు, ఎత్తు 40 మీటర్లు, వాళ్లు చెప్పే వేగం 100 పైచిలుకు. లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడు. న్యూజెర్సీలో ఉండిన కింగ్డా కా అనే కోస్టర్ ఎత్తు 139 మీటర్లు, అది దాటాలంటే కింద ఎంత వేగం కావాలో కూడా ఇదే లెక్కతో కట్టు, గంటకు 188 కిలోమీటర్లు వస్తాది, వాళ్లు 206తో విసిరేవాళ్లు. ఆ మిగతా 18 ఎందుకో ఆలోచించి నాకు రాయి.

ప్రశ్న: అన్నా, నాకూ మీ మాదిరి తెలుగులో కోస్టర్ల సైటు పెట్టాలని ఉంది. ఏం రాయాలి, ఫోటోలు ఎక్కడ తేవాలి, ఖర్చెంత? ఇంగ్లీషులో అన్నీ ఉండంగా తెలుగులో ఎవరు చదువుతారు అని కూడా భయంగా ఉంది. – అనంతపురం

జవాబు: పెట్టు తమ్ముడూ, ఇద్దరం ఉంటే ఇంకా మంచిది. చదివేవాళ్లు ఎవరంటావా, ఇదే పేజీలో ప్రొద్దుటూరు అమ్మ ఉంది, గుంతకల్లు సార్ ఉన్నాడు, వాళ్లకి ఇంగ్లీషు సైట్లు ఎందుకు పనికొస్తాయి చెప్పు.

ఇంగ్లీషులో రోలర్ కోస్టర్ డేటాబేస్ అని ఉంది, డ్యూయేన్ మార్డెన్ అనే ఆయన 1996లో మొదలుపెట్టినాడు, ప్రపంచంలో ఏ మూల కోస్టర్ ఉన్నా దాంట్లో దొరుకుతాది, ఎవరు కట్టినారు, ఎప్పుడు తీసినారు, ఎప్పుడు మూసినారు, ఎక్కడి నుంచి తెచ్చినారు. ఎన్నో ఏండ్లు ఓపికగా పేర్చినాడు. దాన్ని తెలుగులోకి దించుకుంటా కూర్చుంటే ఏం లాభం లేదు. అందులో లేనిది రాయి. అనంతపురం నుంచి బెంగళూరు వండర్లా ఉండే బిడది ఎట్ల పోవాలి అనేది ఏ ఇంగ్లీషు సైటూ చెప్పదు. మనం బెంగళూరికి ఉత్తరం నుంచి దిగుతాం, వండర్లా ఉండేది అవతల మైసూర్ రోడ్డులో, కాబట్టి సిటీ మధ్యలోంచి పోకుండా తుమకూరు రోడ్డు పట్టుకుని నైస్ అనే బైపాస్ రోడ్డు మీద మైసూర్ రోడ్డుకి పోవాలి, లేదంటే రైల్లో బెంగళూరు దిగి పర్పుల్ లైన్ మెట్రోలో చల్లఘట్ట దాకా పోయి అక్కడ బస్సు. కడపోళ్లకి చెన్నై దారి కూడా ఉంది ఇప్పుడు, 2025 డిసెంబర్‌లో అక్కడ వండర్లా తీసినారు, బొల్లిగర్ వాళ్ల ఇన్వర్టెడ్ కోస్టర్ పెట్టినారు, అంటే పట్టా నెత్తి మీద ఉండి కాళ్లు గాల్లో వేలాడే రకం. ఎక్కడ నీడ ఉంది, ముసలోళ్లు ఎక్కడ కూర్చోవచ్చు, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి లోపలికి రానిస్తారా, నడుం పట్టేసే రైడ్ ఏది, ఇవి రాయి. మనోళ్లు ఇంటిల్లిపాదీ పోతారు కదా.

అంకెల దగ్గర మాత్రం చాలా గట్టిగా ఉండాల. బోర్డు మీద "ఆసియాలోనే పెద్దది" అని ఉంటే అట్లనే ఎక్కించేయొద్దు. ఎవరు చెప్పినారో రాయి, పార్కు చెప్పిన అంకె వేరే, నువ్వు కొలిచింది వేరే గడిలో పెట్టు. నువ్వు కొలవలేవా ఏంది, పట్టా పొడుగు గూగుల్ ఎర్త్‌లో గీత గీసి చూడొచ్చు, అది పైనుంచి కనపడే పొడుగే కాబట్టి ఎత్తుపల్లాలు కలిపితే అసలుది ఇంకొంచెం ఎక్కువని గుర్తుపెట్టుకో. ట్రైన్ కదిలినప్పటి నుంచి ఆగేదాకా స్టాప్‌వాచ్ పెట్టు. ట్రైన్ పొడుగు తెలిస్తే, అది ఒక స్తంభాన్ని దాటడానికి ఎంతసేపు పట్టిందో వీడియోలో చూసి వేగం కట్టొచ్చు. ప్రతి పేజీ కింద నువ్వు ఏ తేదీన పోయినావో వేయాల, ఎందుకంటే ఇవి మారిపోతాయి, ఇందాకటి కింగ్డా కా 2005లో తీసినప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనది, 2024లో మూసినారు, 2025 ఫిబ్రవరిలో పేలుడు పెట్టి కూల్చినారు, ఇంకా అది నడుస్తున్నట్టే రాసే సైట్లు ఉన్నాయి.

నువ్వు ఎక్కనిదాని గురించి ఎక్కినట్టు రాయొద్దు. బాగలేకపోతే బాగలేదని రాయి, ఎక్కడ బాగలేదో, తలకి కొట్టుకుందా, బ్రేకు కుదిపిందా, చోటు చెప్పి రాయి. ఉచితంగా టికెట్ తీసుకుంటే ఆ సంగతి మొదటి లైన్లో చెప్పేయ్, నేనైతే టికెట్ కొనుక్కునే పోతా.

ఫోటోలు నీవే వాడు. నెట్‌లో దొరికింది అంటే ఎవరిదో ఒకరిది అని అర్థం, అడిగి, ఒప్పుకుంటే పేరు వేసి పెట్టు. కోస్టర్ మీద సెల్లు బయటికి తీయొద్దు, చేతిలోంచి జారి వెనకోడి మొహానికి తగిలితే గంటకు డెబ్బై ఎనభై కిలోమీటర్ల రాయి అది, ట్రైన్‌లోంచి వీడియో కావాలంటే ముందే పార్కు వాళ్లకి ఉత్తరం రాసి పర్మిషన్ అడుగు, కొన్నిసార్లు ఇస్తారు, జనం రాకముందు పొద్దున్నే రమ్మంటారు. పిల్లల మొహాలు కనపడే ఫోటోలు పెట్టొద్దు. ఖర్చు విషయానికి వస్తే డొమైన్, హోస్టింగ్ ఏడాదికొకసారి కట్టుకోవాలి, చిన్న సైటుకి అది పెద్ద భారం కాదు, అసలు ఖర్చంతా ప్రయాణాలకే. రాసిందంతా ఇంట్లో ఒక హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి వేరే చోట పెట్టుకో, డొమైన్ గడువు తేదీ క్యాలెండర్లో గీసి పెట్టు.

చివరగా నువ్వే కాదు, ఈ పేజీ చదివే అందరినీ ఒకటి అడగాలి. ఢిల్లీలో 1984లో అప్పూ ఘర్ తీసినారు, ఏషియాడ్ ఆటల గుర్తైన ఏనుగు పిల్ల పేరు పెట్టినారు దానికి, మన దేశంలో మొదటి పెద్ద ఎమ్యూజ్‌మెంట్ పార్కుల్లో ఒకటి, 2008లో మూసేసినారు. ఆ రోజుల్లో ఎల్‌టీసీ (గవర్నమెంటు ఉద్యోగుల సెలవు ప్రయాణం రాయితీ) మీద, స్కూల్ ఎక్స్‌కర్షన్ మీద ఢిల్లీ పోయొచ్చినోళ్లు మన మూడు జిల్లాల్లో చాలామందే ఉంటారు. అప్పటి ఫోటోలు ఇంట్లో ఆల్బంలో ఉంటే ఒరిజినల్ పంపొద్దు, సెల్లుతో తీసి పంపండి, వెనక రైడ్ కనపడాలి, ఏ ఏడాదో, ఎవరు తీసినారో రాయండి, టికెట్ ముక్క దాచిపెట్టి ఉంటే అది కూడా.